దారి పుస్తకం లేని అవ్వ

మీ అబ్బాయో అమ్మాయో అమెరికా తూర్పు తీరంలో ఉంటే, మీరు అక్కడికి వెళ్లినప్పుడు ఏదో ఒక శనివారం మిమ్మల్ని కొండల్లో నడకకు తీసుకెళ్లే ఉంటారు. దారి పక్కన చెట్ల మీద తెల్ల రంగుతో వేసిన నిలువు పట్టీలు చూశారా? రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. అవి కనిపిస్తున్నాయంటే మీరు అపలాచియన్ ట్రెయిల్ మీద ఉన్నట్టే. దక్షిణాన జార్జియా రాష్ట్రంలో మొదలై ఉత్తరాన మెయిన్ రాష్ట్రం దాకా 14 రాష్ట్రాల మీదుగా సాగే కాలిబాట అది. 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన ఇలాంటి బాట ఉండాలని ప్రతిపాదిస్తే, 1937 నాటికి మొత్తం పూర్తయింది.

ఆ బాటను ఒకే సీజన్‌లో, ఒంటరిగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచిన మొదటి మహిళ వయసు అప్పటికి 67 ఏళ్లు. పేరు ఎమ్మా గేట్‌వుడ్. అమెరికన్లు ఇప్పటికీ గ్రాండ్‌మా గేట్‌వుడ్ అనే పిలుచుకుంటారు. ఆవిడ గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా కాన్వాస్ బూట్లు, భుజాన గుడ్డ సంచీ దగ్గర ముచ్చటపడి ఆగిపోతారు. ఒక వైద్యుడిగా నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది, అంతకు ముందు ఏడాది ఆవిడ చేసి విఫలమైన మొదటి ప్రయత్నం. దూరాల నడకకు బయల్దేరే ముందు ఏ పుస్తకాన్ని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది దాన్ని చూస్తే మీకే తెలుస్తుంది.

ఎమ్మా 1887 అక్టోబరు 25న ఒహాయో రాష్ట్రంలోని గాలియా కౌంటీలో పుట్టింది. ఆ ఇంట్లో 15 మంది పిల్లలు. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. 1907లో, 19 ఏళ్ల వయసులో పెళ్లయింది. భర్త చదువుకున్నవాడు, బడిలో పాఠాలు చెప్పినవాడు, తర్వాత పొగాకు సాగు చేశాడు. పెళ్లయిన కొద్దికాలానికే కొట్టడం మొదలుపెట్టాడు. పళ్లు విరిగాయి, పక్కటెముకలు విరిగాయి. పిచ్చాసుపత్రిలో వేయిస్తానని బెదిరింపు. ఆ కాపురంలోనే 11 మంది పిల్లల్ని కని పెంచింది. దెబ్బలు భరించలేనప్పుడు ఇంటి వెనక అడవిలోకి వెళ్లిపోయేదట. క్యాజువాల్టీలో పనిచేసే ఏ డాక్టర్నయినా అడగండి, బాత్‌రూంలో జారిపడ్డానని చెబుతూ కళ్లు దించుకునే ఆడవాళ్లను ఎంతమందిని చూశామో చెబుతారు. ఎమ్మాకు విడాకులు వచ్చింది 1941లో. అప్పటికి ఆవిడకు 53 ఏళ్లు.

పిల్లలంతా ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డాక ఆవిడ చేతికి ఒక పాత నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక దొరికింది. 1949 ఆగస్టు సంచిక. అందులో అపలాచియన్ ట్రెయిల్ గురించి రంగు ఫొటోలతో పెద్ద వ్యాసం. ఓ మోస్తరు ఆరోగ్యం ఉన్నవాళ్లు ఎవరైనా ఆ బాటను ఆనందించవచ్చు, దారి చక్కగా గుర్తులు పెట్టి ఉంది, ఒక రోజు నడకకు ఒకటి చొప్పున తలదాచుకునే గుడిసెలున్నాయి. చదివినవాళ్లకు కలిగే అభిప్రాయం ఇదీ. అంతవరకు ఏ మహిళా ఆ బాటను ఒంటరిగా పూర్తిచేయలేదని కూడా ఆవిడకు తెలిసింది. ఇక ఆగలేదు.

1954 జూలైలో మెయిన్ రాష్ట్రానికి వెళ్లింది. ఉత్తరపు కొసన ఉన్న కటాడిన్ శిఖరం, 1,600 మీటర్ల పైచిలుకు ఎత్తు, ఎక్కి దిగింది. కొద్ది రోజులకే రెయిన్‌బో లేక్ అనే సరస్సు దగ్గర దారి గుర్తులు తప్పిపోయాయి. వెతుకులాటలో కళ్లజోడు పగిలింది. తిండి అయిపోయింది. అక్కడి అటవీ సిబ్బందికి ఎదురుపడేసరికి నీరసించిపోయి ఉంది. ఇంటికి వెళ్లిపొమ్మని వాళ్లు నచ్చజెప్పి పంపేశారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. తప్పు ఆ పత్రికదా? పూర్తిగా కాదు. ఊరించడానికి రాసిన వ్యాసం వేరు, నడిపించడానికి రాసిన గైడ్‌బుక్ వేరు. మొదటిది ఇంట్లో కుర్చీలో కూర్చుని చదివే మనిషి కోసం. రెండోది మధ్యాహ్నం రెండింటికి, చెమటలో, రెండు దారులు చీలిన చోట నిలబడ్డ మనిషి కోసం. ఈ తేడా ఎలా గుర్తుపట్టాలంటారా? పుస్తకం తెరిచి నీళ్ల కోసం వెతకండి. ఎక్కడ ఊట ఉంది, ఎండాకాలంలో ఎండిపోతుందా, తర్వాతి నీళ్లు ఎన్ని కిలోమీటర్ల అవతల అన్నది లేకపోతే అది గైడ్‌బుక్ కాదు, ఎంత అందంగా అచ్చు వేసినా సరే. ఆ తర్వాత, మధ్యలో నడక మానేయాల్సి వస్తే ఎక్కడ రోడ్డెక్కవచ్చో చూడండి. ఈ రెండూ ఉంటే మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

ఎమ్మా ఓటమిని ఎవరికీ చెప్పుకోలేదు. మరుసటి ఏడాది, 1955 మే 3న, ఈసారి దక్షిణపు కొస నుంచి, జార్జియాలోని మౌంట్ ఓగ్లెథార్ప్ నుంచి బయల్దేరింది. పిల్లలకు చెప్పిందల్లా అలా నడిచొస్తానని మాత్రమే. సంచీ తనే డెనిమ్ గుడ్డతో కుట్టుకుంది. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. ఒక దుప్పటి, వానకు కప్పుకోవడానికి స్నానాలగది ప్లాస్టిక్ కర్టెన్, బ్యాండ్-ఎయిడ్లు, అయోడిన్, విక్స్, చిన్న కత్తి, టార్చిలైటు. తిండికి డబ్బా సాసేజ్‌లు, ఎండుద్రాక్ష, వేరుసెనగలు, పాలపొడి. దారిలో తినదగిన ఆకులేవో పల్లెటూరి మనిషి గనక తెలుసు. చలి రాత్రుళ్లు రాళ్లు వేడిచేసి పక్కన పెట్టుకుని పడుకుంది.

వ్యాసంలో చదివిన గుడిసెల్లో కొన్ని కాలిపోయి ఉన్నాయి, కొన్ని కూలిపోయాయి, మరికొన్ని లోపల అడుగుపెట్టలేనంత మురికి. చాలాచోట్ల చెట్లు విరిగి దారికి అడ్డంగా పడి ఉన్నాయి. ఆ పత్రిక రాతలకూ తను చూస్తున్నదానికీ పొంతన లేదని, ఇంత కష్టమని ముందే తెలిస్తే మొదలే పెట్టేదాన్ని కాదని ఆవిడ దారిలో కలిసిన విలేకరులకు చెప్పింది. కానీ మొదలుపెట్టాక వదల్లేదు. ఆగస్టులో కానీ, డయాన్ అనే రెండు తుపానులు వారం తేడాతో విరుచుకుపడ్డాయి. వెర్మాంట్ రాష్ట్రంలో వంతెన కొట్టుకుపోయిన ఒక వాగు దగ్గర ఆగి, ఇద్దరు యువ నావికులు తోడు దొరికాక, వాళ్లతో తాడు కట్టుకుని దాటింది. ఆ ఆగడం చూడండి. నేను ఆవిడను మెచ్చుకునేది అక్కడ. తోడు దొరికేదాకా వాగు ఒడ్డున కూర్చోగలగడం అందరికీ చేతకాదు.

సెప్టెంబరు 25న కటాడిన్ ఎక్కింది. 146 రోజులు, సుమారు 3,300 కిలోమీటర్లు. అంటే రోజుకు సగటున 22 కిలోమీటర్ల పైనే. అరడజను జతల బూట్లు అరిగిపోయాయి. పాదాలు వెడల్పయి బూట్ల సైజు పెరిగింది.

ఈ సైజు సంగతి మీకూ పనికొస్తుంది. వరసగా రోజుల తరబడి నడిస్తే పాదాలు ఉబ్బుతాయి, పాదం వంపు కాస్త సాగుతుంది. అందుకే నడక బూట్లు సాయంత్రం పూట, మందమైన సాక్సు వేసుకుని కొనండి. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. ఇక కాన్వాస్ బూట్లతో అవ్వ నడిచింది కదా, మనమూ నడుద్దాం అనుకోకండి. పదేళ్లుగా షుగరు ఉండి, అరికాళ్లు దూదిమీద నడిచినట్టున్నాయని మా ఓపీకి వచ్చేవాళ్లకు పొక్కు లేచినా తెలియదు. రాత్రికి సాక్సు తీస్తే రక్తం కనిపిస్తుంది. అలాంటివాళ్లు రోజూ నడకకు ముందు బూటులో చెయ్యి పెట్టి తడమాలి, గంటకోసారి ఆగి పాదాలు చూసుకోవాలి. స్పర్శ బాగా తగ్గినవాళ్లు, పుండు ఉన్నవాళ్లు దూరాల నడక పెట్టుకోకూడదు.

షుగరు వాళ్లు గైడ్‌బుక్‌ను మిగతావాళ్లలా చదివితే కూడా సరిపోదు. ఫలానా చోట భోజనం దొరుకుతుందని పుస్తకంలో ఉంది, మీరు ఇన్సులినో గ్లైమిపిరైడ్ మాత్రో వేసుకుని బయల్దేరారు. తీరా అక్కడికి చేరితే ఆ హోటల్ మూతపడింది. ఖాళీ కడుపు, ఎక్కుడు దారి, పనిచేస్తున్న మందు. చెమటలు, వణుకు, ఆ తర్వాత తికమక. ఆ తికమకలో దారి గుర్తులు ఎలా చూస్తారు? తిండి దొరికే చోటు పుస్తకంలో ఎక్కడున్నా, ఒక పూటకు సరిపడా తిండీ గ్లూకోజు పొట్లాలూ మీ జేబులోనే ఉండాలి. మందు మోతాదు నడక రోజులకు తగ్గించాలా అన్నది వెళ్లే ముందే మీ డాక్టర్ని అడగండి.

గైడ్‌బుక్ ఏ సంవత్సరానిదన్నది కూడా మందుల పట్టీ మీద ఎక్స్‌పైరీ తేదీ చూసినట్టే చూడాలి. ఎమ్మా 1957లో రెండోసారి ఇదే బాట మొత్తం నడిచింది. ఆ మరుసటి ఏడాదే, 1958లో, బాట దక్షిణపు కొసను ఓగ్లెథార్ప్ నుంచి స్ప్రింగర్ మౌంటెన్‌కు మార్చేశారు. అంటే ఆవిడ రెండుసార్లు బయల్దేరిన చోటు ఆ తర్వాత అసలు బాటలోనే లేదు. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే కేదార్‌నాథ్. 2013 వరదకు ముందు గౌరీకుండ్ నుంచి రాంబాడా మీదుగా 14 కిలోమీటర్లని పుస్తకాల్లో ఉండేది. ఆ వరదలో రాంబాడా తుడిచిపెట్టుకుపోయింది. కొత్త దారి సుమారు 16 కిలోమీటర్లు. ఇంట్లో అమ్మమ్మ వాళ్లు దాచిన యాత్రా పుస్తకం ఆప్యాయంగా చదువుకోండి, దాన్ని పట్టుకుని కొండ మాత్రం ఎక్కకండి.

పుస్తకంలో రాసిన గంటలు ఎవరి గంటలో కూడా అడగాలి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, దానిమీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. చాలా గైడ్‌బుక్‌లు ఏదో రూపంలో దీన్నే వాడతాయి. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్ దాకా ఎక్కుడు 1,600 మీటర్లు. ఈ లెక్కన ఆరు గంటల్లోపే చేరాలి. కానీ అది దృఢంగా ఉన్న పడుచువాడి లెక్క, విశ్రాంతి కలపని లెక్క. అరవై దాటినవాళ్లు దానికి సగం కలుపుకోండి, మోకాళ్ల నొప్పులుంటే ఇంకాస్త. పైగా కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తు. అపలాచియన్ బాట మొత్తంలో అత్యంత ఎత్తయిన చోటు కూడా 2,025 మీటర్లే. గాలిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు వచ్చే తలనొప్పి, వాంతి, ఆయాసం గురించి ఆ బాట పుస్తకాల్లో చదివి నేర్చుకోవడానికేమీ ఉండదు. ఏ కొండకు ఆ కొండ పుస్తకం.

వాడే పద్ధతిలో నేను చెప్పేది కొంచెమే. ముందు రోజు రాత్రి మర్నాటి దారి ఒకసారి చదివి, నీళ్లు, తిండి, రోడ్డెక్కే చోట్లు ఒక చిన్న కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. ఫోన్లో యాప్ ఉందిగా అంటారు పిల్లలు. ఉండనివ్వండి, చలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది. చత్వారం వచ్చినవాళ్లకు ఫోనైనా పుస్తకమైనా కళ్లజోడు లేకపోతే ఒకటే. ఎమ్మా తన మొదటి ప్రయత్నంలో పోగొట్టుకున్న వస్తువుల్లో అన్నిటికంటే ఖరీదైంది అదేనని నా అభిప్రాయం.

పత్రికలూ టీవీలూ ఆవిడను పట్టుకున్నాక, బాట దుస్థితి గురించి ఆవిడ చెప్పింది దేశమంతా చదివింది. బాట నిర్వహణ మీద శ్రద్ధ పెరగడానికి ఆవిడ మాటలు తోడ్పడ్డాయంటారు. 1959లో ఒరెగాన్ ట్రెయిల్ దారిలో మిస్సోరీ రాష్ట్రపు ఇండిపెండెన్స్ నుంచి పోర్ట్‌లండ్ దాకా సుమారు 3,200 కిలోమీటర్లు నడిచింది. అపలాచియన్ బాటను భాగాలుగా మూడోసారి పూర్తిచేసింది 1964లో. 1973 జూన్ 4న, 85 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఒహాయోలోని హాకింగ్ హిల్స్‌లో ఓల్డ్ మ్యాన్స్ కేవ్ నుంచి యాష్ కేవ్ దాకా ఆరు మైళ్ల బాటకు ఆవిడ పేరు పెట్టారు. పిల్లలు ఆ రాష్ట్రంలో ఉన్నవాళ్లు, మోకాళ్లు సహకరిస్తే వెళ్లి చూడండి. కొన్నిచోట్ల మెట్లు, రాళ్లు ఉంటాయి, ఒక పూట చేతిలో పెట్టుకోండి. రెండో కళ్లజోడు సంచీలో వేసుకోవడం మరచిపోకండి.