మోగల్లు నుంచి మౌలాలి దాకా: డాక్టర్ ఏ.ఎస్. రావు

హైదరాబాదులో నాలుగు రోజులు ఉన్నవారెవరికైనా ఏ.ఎస్. రావు నగర్ పేరు తెలుస్తుంది. ఈసీఐఎల్ చౌరస్తా అయితే సిటీ బస్సు బోర్డు మీదే చదువుకుంటారు. ఈ రెండు పేర్ల వెనక ఉన్న మనిషి ఒక్కరేనని, ఆయన మన గోదావరి డెల్టా బిడ్డేనని మా ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల్లోనే చాలామందికి తెలియదు. మొన్న క్లాసులో అడిగితే ఎవరో రాజకీయ నాయకుడై ఉంటారని ఒకరు, ఆ స్థలాలు అమ్మినాయన అయ్యుంటారని మరొకరు ఊహించారు. సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ వాళ్ళు వచ్చినప్పుడు నాకు వెంటనే తోచిన విషయం అందుకే ఇది. దేశం ఇవాళ సెమీకండక్టర్ల గురించి మాట్లాడని రోజు లేదు. ఆ మాట మన దగ్గర మొదట మొదలుపెట్టిన నలుగురైదుగురిలో ఆయన ఒకరు.

అయ్యగారి సాంబశివరావు గారు 1914 సెప్టెంబరు 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. భీమవరం దగ్గరి పల్లె. అల్లూరి సీతారామరాజు కుటుంబం ఊరు కూడా అదే కాబట్టి మోగల్లు పేరు తెలుగు దేశంలో వినని వారుండరు. మాది పోలవరం. గోదావరి పాపికొండలు దాటి మైదానంలోకి అడుగుపెట్టే చోటు మాది, కాలువలై చేలల్లో ఇంకే చోటు వాళ్ళది. మా వైపు వాళ్ళకి డెల్టా వాళ్ళంటే కాస్త ఈర్ష్య కూడాను. నీళ్ళు మా గుమ్మం ముందునుంచే పోతాయి, పంట వాళ్ళకి పండుతుంది.

రావు గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే కొంతకాలం పాఠాలు చెప్పారు. 1946లో టాటా స్కాలర్‌షిప్ దొరికింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా తీసుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ ఇంజనీరింగు డీన్ ఫ్రెడరిక్ టెర్మన్. తన విద్యార్థుల్ని ఉద్యోగాలకి దూరం పోనీకుండా విశ్వవిద్యాలయం చుట్టూనే కంపెనీలు పెట్టించిన మనిషాయన. తర్వాతి కాలంలో ఆ లోయకే సిలికాన్ వ్యాలీ అని పేరొచ్చింది. రావు గారు ఉన్నప్పుడు అక్కడ సిలికానూ లేదు, వ్యాలీ అన్న పేరూ లేదు, అంతా వాల్వుల కాలం. బెల్ లాబ్స్‌లో ట్రాన్సిస్టర్ మొదటిసారి పనిచేసింది 1947 డిసెంబరులో. అంటే ఆయన చదువు ముగిసే వేళకి, ఆయన చదివిన సరుకు పాతబడటం మొదలైంది. ఎలక్ట్రానిక్స్‌లో ఉన్నవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మనం చెప్పే పాఠాల సంగతీ అంతేగా!

1948లో అణుశక్తి సంఘం ఏర్పడింది. హోమీ భాభా చేరదీసిన తొలితరం వారిలో రావు గారున్నారు. ఇక్కడో ప్రశ్న వస్తుంది. అణువుకీ ట్రాన్సిస్టర్‌కీ ఏమిటి సంబంధం? చాలా ఉంది. రియాక్టరు అంటే ఇంధనం, నీళ్ళు, కాంక్రీటే కాదు. లోపల న్యూట్రాన్లు ఎంత వేగంగా పెరుగుతున్నాయో క్షణక్షణం తెలియాలి. అయాన్ ఛేంబరు నుంచి వచ్చే కరెంటు అతి స్వల్పం, ఆంపియరులో కోట్లవ వంతుల్లో ఉంటుంది. దాన్ని పెంచి, కొలిచి, హద్దు మీరితే సెకనులో చిన్న భాగంలోనే కంట్రోల్ రాడ్లు కిందికి దిగేలా చూడాలి. ఆ పని చేసేది ఎలక్ట్రానిక్స్. అలాంటి పరికరాలు విదేశాల్లో ఆర్డరిస్తే లైసెన్సుకి కొన్ని నెలలు, ఓడకి కొన్ని నెలలు. ఒక భాగం చెడిపోతే మళ్ళీ మొదటికి. పైగా అణు పరికరాలంటే అమ్మేవాళ్ళు అడిగే ప్రశ్నలు వేరు. అందుకని రావు గారి బృందం తామే తయారు చేయడానికి పూనుకుంది. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్‌ది. రియాక్టరును నడిపించే కంట్రోలు వ్యవస్థ మాత్రం రావు గారి వాళ్ళు ఇక్కడే కట్టినది.

ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఈ దశ. చాలామంది ఒక పరికరం తయారు చేయగానే తృప్తి పడతారు. పరికరం మనదే, సరే. అందులోని డయోడు ఎవరిది? కెపాసిటరు ఎవరిది? ఆ డయోడులో వాడిన స్ఫటికం ఎవరిది? ఈ ప్రశ్నను కిందికి తవ్వుకుంటూ పోతే చివరికి రాయి దగ్గరికి చేరతాం. మామూలు పలుగురాయిని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగిస్తే సిలికాన్ వస్తుంది. అది ఉక్కులో కలపడానికి పనికొస్తుంది గానీ చిప్పుకి పనికిరాదు. దాన్ని వాయువుగా మార్చి, బట్టీ పట్టి, మళ్ళీ ఘనంగా పేర్చాలి. ఆ తర్వాత కరిగించి, ఒకే స్ఫటికంగా మెల్లగా పైకి లాగాలి. శుద్ధత ఎంత ఉండాలంటే వందకోట్ల పరమాణువుల్లో పరాయిది ఒకటికి మించకూడదు. మా రేవు లెక్కలో చెబుతాను: ఒక ట్రాక్టరు ఇసుకలో మూడు రేణువులకన్నా తేడా రేణువులు ఉండకూడదన్నమాట. ఆ మూడు రేణువుల లెక్క కుదరడానికి రసాయన పరిశ్రమ కావాలి, రెప్పపాటు కూడా పోని కరెంటు కావాలి, అతి శుద్ధమైన నీళ్ళు కావాలి, వాయువులు, యంత్రాలు, వాటిని బాగుచేసే చేతులు కావాలి. ఒక్క ఫ్యాక్టరీ కట్టి రిబ్బను కత్తిరిస్తే వచ్చేది కాదిది.

ఇంకో చిక్కు మన ఎండలు. తొలి ట్రాన్సిస్టర్లు జెర్మేనియంతో చేసినవి. వేడి పెరిగితే వాటిలో లీకేజి కరెంటు పెరిగిపోతుంది, డెబ్భై ఎనభై డిగ్రీలు దాటితే నమ్మకం లేదు. సిలికాన్ నూట యాభై దాకా తట్టుకుంటుంది. రోహిణి కార్తెలో రాజమండ్రి స్టేషనులో నిలబడినవాడికి ఏది కావాలో వేరే చెప్పనక్కర్లేదు.

1962 చైనా యుద్ధంలో మన సైన్యానికి వైర్‌లెస్ సెట్ల కొరత ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది. 1963లో ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. సభ్యులు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏ.ఎస్. రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు; భగవంతం గారిది కృష్ణా జిల్లా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పినవారు. నివేదిక 1966లో బయటికొచ్చేసరికి భాభా లేరు. ఆ జనవరి 24న మాంట్ బ్లాంక్ పర్వతం మీద విమాన ప్రమాదంలో పోయారు. పదేళ్ళలో దేశం ఎలక్ట్రానిక్స్‌లో తన కాళ్ళ మీద నిలబడాలని, అందుకు ముడిపదార్థాలు, విడిభాగాల దగ్గర్నుంచీ పునాది వేయాలని ఆ నివేదిక సారాంశం. అప్పటికి కొరియా గానీ తైవాన్ గానీ మనకంటే ముందు లేవు. తైవాన్ తన ఇంజనీర్లని అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీకి చిప్పుల పని నేర్చుకోవడానికి పంపింది 1976లో. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది.

1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మన ఈసీఐఎల్ పుట్టింది. ట్రాంబే నుంచి మనుషుల్ని, నమూనాల్ని తెచ్చుకుని రావు గారు మొదటి మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చారు. మౌలాలి, చర్లపల్లి వైపు అప్పుడు రాళ్ళూ తుప్పలే. విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకుని వాళ్ళ డ్రాయింగులతో సామాను బిగించడం తేలిక దారి. ఆయన ఎంచుకున్నది ప్రయోగశాలలో మనవాళ్ళు చేసినదాన్నే ఫ్యాక్టరీలోకి తెచ్చే దారి. ఇది చెప్పినంత సులువు కాదు. ప్రయోగశాలలో ఒకటి పనిచేస్తే చాలు; ఫ్యాక్టరీలో వెయ్యి చేస్తే వెయ్యీ పనిచేయాలి.

1969లో వచ్చిన టీడీసీ-12 దేశంలో తయారైన తొలి డిజిటల్ కంప్యూటర్లలో మొదటి వరసలోది. ట్రాంబే పేరే దానికి పెట్టారు. తర్వాత 312, 316 వచ్చాయి. వాల్వులు లేని టీవీ మన దేశంలో మొదట చేసింది ఈసీఐఎల్. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం నుంచి నేరుగా 2400 పల్లెలకి పాఠాలు చూపించిన సైట్ ప్రయోగంలో, ఆ పల్లెల్లో పెట్టిన టీవీ సెట్లు ఇక్కడివే. కోడిగంప అల్లికలాంటి వలతో చేసిన యాంటెన్నా, కింద తెలుగు నేలమీద బిగించిన సెట్టు! పట్నాల్లో డబ్బున్నవాళ్ళకే టీవీ లేని రోజుల్లో పల్లెటూరి బడి అరుగు మీద టీవీ ఆడింది. ఎన్నికల సంఘం 1977లో అప్పగించిన పనిమీద ఓటింగు యంత్రం నమూనా 1979లో తయారైంది. రావు గారు అప్పటికి పదవి దిగిపోయారు.

పొగడ్తలు మాత్రమే రాస్తే ఆయన్ని చిన్నబుచ్చినట్టే. ఈసీఐఎల్ కంప్యూటర్లు బయటివాటికంటే వెనకబడి ఉన్నాయని, ఖరీదెక్కువని, ఇచ్చిన తేదీకి అందవని వాడినవాళ్ళు అప్పట్లోనే గొణిగారు. అది పూర్తిగా అబద్ధం కాదు. ప్రభుత్వం దిగుమతులు ఆపి రక్షణ ఇచ్చింది. పోటీ లేనిచోట తొందర ఉండదు. మా సహోద్యోగి ఒకాయన దీనిమీద నాతో ఎప్పుడూ వాదన పెట్టుకుంటారు. చవగ్గా దొరికేదాన్ని కొనుక్కోక ఈ తంటా ఎందుకని ఆయన పాయింటు. నా సమాధానం ఒకటే. కొనుక్కున్నవాడికి వస్తువు మిగులుతుంది, చేసినవాడికి చేసే మనుషులు మిగులుతారు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలువల లెక్క తెలిసిన మనుషులు తరాల తరబడి మన డెల్టాలో ఉండిపోలేదూ? ఈసీఐఎల్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్ళు హైదరాబాదులో ఎన్ని చిన్న కంపెనీలు పెట్టారో కుషాయిగూడ, చర్లపల్లి వీధుల్లో బోర్డులు చూస్తే తెలుస్తుంది.

అయితే ఒకటి మాత్రం జరగలేదు. రావు గారి వాళ్ళు నివేదికలో కోరుకున్న పునాది, అంటే చిప్పు తయారీ, వేళ్ళు పట్టలేదు. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్సు 1984లో 5 మైక్రాన్ల చిప్పులతో ఉత్పత్తి మొదలుపెట్టింది. ప్రపంచానికి మరీ దూరంగా ఏమీ లేదు. 1989 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం జరిగి కాలిపోయింది. మళ్ళీ నిలబెట్టేసరికి ఏళ్ళు గడిచాయి. ఆ లోపల తైవాన్‌లో 1987లో పెట్టిన టీఎస్ఎంసీ లోకానికంతటికీ చిప్పులు చేసిపెట్టే స్థితికి వచ్చింది. మా పోలవరం ప్రాజెక్టుకి శంకుస్థాపన రాయి పడ్డదీ ఆ 1980ల మొదట్లోనే. రాయి పడటానికీ పని జరగడానికీ మధ్య ఎంత కాలం పడుతుందో మా ఊరివాణ్ణి, నాకు వేరే పాఠం అక్కర్లేదు.

కేంద్రం 2021 డిసెంబరులో 76,000 కోట్లతో సెమీకండక్టర్ పథకం ప్రకటించింది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కీ ఒక చిప్పు ప్యాకేజింగ్ కర్మాగారాన్ని ఆమోదించింది. దాని సాంకేతిక పరిజ్ఞానం కొరియా కంపెనీది. చిప్పు గీసే పనిలో మన పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో వేలమంది ఉన్నారు. నా దగ్గర చదివినవాళ్ళూ ఉన్నారు. గీసినది మాత్రం తయారవడానికి ఇప్పటికీ ఎక్కువగా సముద్రం దాటుతూనే ఉంది.

రావు గారికి 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 1978 దాకా ఈసీఐఎల్‌ని నడిపారు. 2003 అక్టోబరు 31న కన్నుమూశారు. మా భౌతికశాస్త్రం ల్యాబులో ఒక మూల బూడిద రంగు పెట్టెలో గైగర్ కౌంటరు ఒకటి ఉంది, ముందు భాగాన ఈసీఐఎల్ అని అక్షరాలు సగం చెరిగిపోయి. ఆన్ చేస్తే ఇప్పటికీ టిక్ టిక్‌మంటుంది. మూత విప్పి చూడాలనుకునే విద్యార్థులు శనివారం మధ్యాహ్నం నా దగ్గరికి రావచ్చు. స్క్రూడ్రైవరు నేనిస్తాను.