డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిన సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పిరి. మూడవసారి మన చెన్నపట్టణమున తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలులో చదివి కృతార్థులైరి. పరీక్ష తప్పిన బాలురు ఈ సంగతి తలిదండ్రులకు చదివి వినిపింపవచ్చును.

పిదప ప్రెసిడెన్సీ కళాశాలలోను, మదరాసు వైద్యకళాశాలలోను చదివిరి. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సకు పోయినందున ఆంగ్లేయాచార్యునకు ఆగ్రహము కలిగెను. ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. అటుపిమ్మట డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించిరి.

ఆ శాస్త్రములో మన యిండ్లలో బిడియముచే మాటాడని భాగ మొకటి కలదు. పురుషుని వృషణములు దేహమునకు వెలుపల చర్మపుసంచిలో నుండును. బీజకణములు తయారగుటకు దేహోష్ణముకంటె రెండుమూడు డిగ్రీలు తక్కువ వేడి కావలెను గనుక ఈ యేర్పాటు. కంఠస్వరమును మార్చి మీసములు మొలిపించు హార్మోనును స్రవించునవియు నవియే. ఒక్కొక్క వృషణమును రెండు పొరల పలుచని తిత్తి కప్పియుండును. పొరల నడుమ సహజముగా కొద్దిపాటి ద్రవమే యుండును. దోమకాటువలన ప్రవేశించిన ఫైలేరియా పురుగులు అచ్చటి శోషరసనాళములలో కాపురముండినచో ఆ ద్రవము ఊరి ఊరి, సంచి కొబ్బరికాయంత యగుటయు కలదు. దీనినే వరిబీజమందురు, జనులు బుడ్డ యందురు. గోదావరి మండలములలో బోదకాలు నలుగురికిని కనబడెడిది. వరిబీజము పంచెచాటున దాగెడిది. పెండ్లి చెడునని దాచినవా రెందరో! బాలురు అచ్చట వాపు కనబడినచో వెంటనే ఇంటిలో చెప్పవలెను. పెద్దలు నవ్వరాదు.

సుబ్బారావుగారు అమెరికాకు పోయి, హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లే పరిశోధనశాలలో చేరిరి. వారి నాయకత్వమున 1947లో డైఇథైల్ కార్బమజీన్ అను మందు వెలువడెను. హెట్రజాన్ అనునది దాని వ్యాపారనామము. అది రక్తములోని ఫైలేరియా పిల్లపురుగులను నశింపజేసి, రోగము దోమద్వారా మరియొకరికి సోకకుండ ఆపును. ఊరిన నీటిని మాత్రము అది తీయజాలదు. అందులకు శస్త్రచికిత్సయే చేయవలెను. 2004లో మన దేశమున రోగమున్న జిల్లాలలో ఏటేటా పంచ నారంభించిన మాత్ర యిదియే.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, అమెరికాలోనే వారు కన్నుమూసిరి. ఓడ యెక్కిన పిదప స్వదేశమునకు తిరిగి రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడనే యుండిపోయిరి.