కొండల నుంచి వచ్చిన ఫాదర్ టిస్సో

ఫాదర్ జాన్ మరీ టిస్సో కూడా మనలాగే కొండ ప్రాంతం వారే. ఐరోపాలోని ఆల్ప్స్ కొండల సవాయ్ నుంచి 1846లో, మరో ముగ్గురు ఫాదర్లతో విశాఖపట్నం చేరారు. వారి పెద్ద ఫాదర్ మార్టిన్ అదే ఏడాది కన్నుమూశారు. భాష కొత్త, ఎండ కొత్త. అయినా టిస్సో నిలిచారు.

1847లో విశాఖలో సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. తర్వాత గంజాం కొండల అంచున, సురడాలో, మన కోందుల మధ్య మిషన్ వెలిసింది. 1863లో మిషన్ బాధ్యత టిస్సోకు అప్పగించారు. నాగపూర్ కూడా అప్పుడు దాని కిందిదే. 1886లో విశాఖ మేత్రాసనం ఏర్పడినప్పుడు ఆయనే తొలి బిషప్. 1890లో మరణించే వరకు 44 ఏళ్లు ఈ సేవలోనే ఉన్నారు.

హాస్టల్‌లో చేరిన మొదటి వారమే ఇంటికి పోతానని ఏడ్చే పిల్లలను ఏటా చూస్తాను. వాళ్లకు ఈ కథే చెబుతాను. మన మతం ఏదైనా, నిలబడడం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.