పైసల చరిత్ర రాసిన ఆనా ష్వార్ట్జ్



మా అవ్వకు చదువు రాదు. కూలికి పోయిన ప్రతి రోజుకు ఇంటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తది. ఒకసారి రెండు రోజుల కూలి తక్కువ వస్తే ఆ గీతలు చూపెట్టి అడిగింది. ఇచ్చిండ్రు. లెక్క రాసిపెట్టుకుంటే ఎంత బలమో నాకు అప్పుడు తెలిసింది. అందుకే దేశం మొత్తం పైసల లెక్క రాసిన ఒక స్త్రీ గురించి ఈసారి రాస్తున్నాను.

ఆనా ష్వార్ట్జ్ 1915 నవంబరు 11న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు తూర్పు ఐరోపా నుండి వలస వచ్చినవారు. ఆమె 18 ఏళ్ళకే బి.ఏ., మరుసటి ఏడు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తి చేశారు. 1936లో పెళ్ళయింది. నలుగురు పిల్లలను పెంచుతూనే ఉద్యోగం చేశారు. 1941లో జాతీయ ఆర్థిక పరిశోధన సంస్థలో చేరి చివరిదాకా అక్కడే పనిచేశారు.

ఆమె చిన్నతనంలోనే, 1929లో, అమెరికాలో పెద్ద మాంద్యం మొదలైంది. మాంద్యం అంటే ఏమిటి? గోదావరిఖనిలో జీతాల రోజు అంగడి ఎంత కళగా ఉంటదో మనకు తెలుసు. ఆ జీతాలే ఆగిపోతే బట్టల దుకాణానికి, కూరగాయలమ్మే అవ్వకు, ఆటో తోలే అన్నకు ఎవరికీ గిరాకి ఉండదు. దేశమంతా అట్లయితే అదే మాంద్యం.

అది అంత పెద్దగా ఎందుకు పెరిగింది? దీని కోసం ఆనా, మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్త కలిసి ఏండ్ల తరబడి పనిచేశారు. బ్యాంకుల పాత పద్దులన్నీ ఆమె వెతికి లెక్కలు కట్టారు. 1867 నుండి 1960 వరకు అమెరికా డబ్బు చరిత్ర 1963లో పుస్తకంగా వచ్చింది. 800 పేజీలకు పైనే ఉంది!

అందులో తేలింది ఇది. బ్యాంకు మన పైసలను వేరేవాళ్ళకు అప్పిస్తుంది. అందరూ ఒకేసారి వచ్చి అడిగితే ఇవ్వలేదు. అప్పుడు భయంతో జనం ఎగబడ్డారు, వేల బ్యాంకులు మూతపడ్డాయి. 1929 నుండి 1933 లోపల దేశంలో డబ్బు మూడో వంతు తగ్గిపోయింది. మన రిజర్వు బ్యాంకు లాంటి వాళ్ళ కేంద్ర బ్యాంకు ఆపగలిగి కూడా ఆపలేదని వాళ్ళు రాశారు. దీన్ని ఒప్పుకోని పండితులు కూడా ఉన్నారు.

ఇంత చేసినా ఆమెకు డాక్టరేటు 1964లో గానీ రాలేదు. 1976లో నోబెల్ బహుమతి ఫ్రీడ్‌మన్‌కు ఒక్కడికే వచ్చింది. పని ఆమెది, పేరు తనకు వచ్చిందని ఆయనే ఒప్పుకున్నారు. 2002లో ఆ కేంద్ర బ్యాంకు పాలకమండలి సభ్యుడు బెన్ బెర్నాంకీ సభలో ఇద్దరి పేర్లూ చెప్పి, తప్పు మాదేనని ఒప్పుకున్నారు. ఆనా 90 ఏళ్ళు దాటినా పని మానలేదు. 2012 జూన్ 21న, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అవ్వ గీతలన్నీ తారీఖులేసి నోటుబుక్కులో ఎక్కిస్తాను. రాసేది నేనే గాని, లెక్క ఆమెది. అందుకే అట్ట మీద అవ్వ పేరే రాస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని