ఫెలిక్స్ డెరెల్

కలరా పేరు వింటేనే పల్లెలు ఖాళీ అయ్యే రోజులవి. గంగా యమునా జలాలలో కలరా క్రిములు నశించిపోతున్నాయని 1896లో ఆగ్రాలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ హాంకిన్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఆ నీటిని కాచితే మాత్రం ఆ గుణం పోయేది. కారణం అప్పట్లో తేలలేదు. ఇరవై ఏళ్ల తరువాత అటువంటి శక్తిని వెలికితీసి, దానికొక పేరు పెట్టినవాడు ఫెలిక్స్ డెరెల్.

డెరెల్ 1873 ఏప్రిల్ 25న పారిస్‌లో జన్మించాడు. సూక్ష్మజీవశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు, గురువూ లేడు. కెనడాలో ఇంటినే ప్రయోగశాలగా మార్చుకొని పుస్తకాల సాయంతో విద్య నేర్చుకొన్నాడు. గ్వాటెమాలా, మెక్సికో దేశాలలో ఉద్యోగం చేశాడు. మెక్సికోలో మిడతలకు సోకిన విరేచనాల వ్యాధిని పరిశీలించి, దానికి కారణమైన బ్యాక్టీరియాతోనే మిడతల దండులను అణచాలని యత్నించాడు. 1911లో పారిస్ చేరి, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జీతం లేకుండానే పనికి కుదిరాడు.

మొదటి ప్రపంచయుద్ధం సాగుతున్న 1915లో ఫ్రెంచి సైనికులకు రక్తవిరేచనాలు పట్టుకొన్నాయి. ఆ వ్యాధిని పరిశోధించే బాధ్యత డెరెల్‌పై పడింది. ఆయన రోగుల మలాన్ని బ్యాక్టీరియా సైతం దూరలేని సన్నని వడపోత గుండా పంపి, ఆ ద్రవాన్ని వ్యాధి క్రిములు పెరుగుతున్న ద్రావణంలో కలిపాడు. మబ్బుగా ఉండవలసిన ద్రావణం మరునాటి ఉదయానికి తేటనీరులా మారింది. క్రిములు ఒక్కటీ మిగలలేదు. క్రిములను తినివేసే మరో క్రిమి ఉన్నదని ఆయన గ్రహించాడు. 1917 సెప్టెంబరులో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీకి సమర్పించిన నివేదికలో దానికి బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టాడు. బ్యాక్టీరియాను భక్షించేది అని దాని అర్థం. ఫేజ్ ఒక వైరస్. అది బ్యాక్టీరియాను అంటుకొని తన జన్యుపదార్థాన్ని లోనికి పంపుతుంది. లోపల తనవంటి వాటిని అనేకం తయారుచేయించి, చివరకు ఆ బ్యాక్టీరియాను చీల్చుకొని వెలువడుతుంది.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వార్ట్ 1915లోనే ఇటువంటి వింతను ప్రకటించి ఉన్నాడు. ఎవరు ముందన్న వివాదం ఏళ్లతరబడి సాగింది. మొదట చూసిన ఘనత ట్వార్ట్‌దే అయినా, దానిని మందుగా మలచాలన్న పట్టుదల డెరెల్‌ది.

1919లో పారిస్ పిల్లల ఆసుపత్రిలో 12 ఏళ్ల బాలుడు రక్తవిరేచనాలతో ప్రాణాపాయస్థితిలో ఉన్నాడు. డెరెల్ ముందుగా ఫేజ్ ద్రవాన్ని తానే తాగాడు. ఆసుపత్రి వైద్యులూ తాగారు. ఎవరికీ హాని కలగకపోవడంతో మరునాడు బాలుడికి ఇచ్చారు. అతడు కోలుకొన్నాడు. 1925లో ఈజిప్టులో నలుగురు ప్లేగు రోగులకు చేసిన చికిత్స ఫలించడంతో డెరెల్‌కు భారతదేశం నుండి పిలుపు వచ్చింది.

1927లో ఆయన పంజాబులో కలరాతో తలపడ్డాడు. రోగులకు ఫేజ్ ఇచ్చాడు, ఊరి బావులలోనూ కలిపించాడు. ఫేజ్ తీసుకొన్న 74 మందిలో ఐదుగురు, తీసుకోని 124 మందిలో 78 మంది మరణించారని లెక్క తేలింది. నేటి వైద్యపరీక్షల కొలతలకు ఈ లెక్క నిలవదు. రెండు వర్గాలనూ సమానంగా ఎంచినదీ లేనిదీ సందేహమే. అయినా మందే లేని కాలంలో అది చిన్న ఆశ కాదు.

1928 నుండి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. తరువాత శిష్యుడూ మిత్రుడూ అయిన ఎలియావా ఆహ్వానంపై సోవియట్ జార్జియాలోని తిబిలిసి నగరానికి వెళ్లాడు. 1937లో స్టాలిన్ ప్రభుత్వం ఎలియావాను కాల్చి చంపింది. డెరెల్ మళ్లీ అక్కడ అడుగుపెట్టలేదు. ఆలోగా పెన్సిలిన్ వచ్చింది. పాశ్చాత్య దేశాలు ఫేజ్‌లను పక్కన పెట్టాయి. నోబెల్ బహుమతికి ఎన్నోమార్లు ఆయన పేరు ప్రతిపాదించినా అది దక్కలేదు. 1949 ఫిబ్రవరి 22న పారిస్‌లో కన్నుమూశాడు. ఫేజ్‌లపై పరిశోధించిన డెల్‌బ్రుక్, హెర్షీ, లూరియాలకు 1969లో నోబెల్ వచ్చింది.

మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడంతో ఫేజ్‌లు తిరిగి జ్ఞాపకానికి వచ్చాయి. వాటి కోసం ఎక్కడికో పోనక్కరలేదు. పల్లెటూరి చెరువులోనూ, నానక్‌రామ్‌గూడ మేడల నడుమ మిగిలిన గుప్పెడు మట్టిలోనూ అవి ఉంటాయి. 2008లో అమెరికాలో ఆరంభమైన ఒక కార్యక్రమంలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులే మట్టి నుండి ఫేజ్‌లను వేరుచేసి, పేర్లు పెట్టి, వాటి జన్యుక్రమాన్ని చదువుతున్నారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 2010లో ఒక విద్యార్థిని కుళ్లిన వంకాయ అడుగున ఒక ఫేజ్‌ను కనుగొన్నది. దాని పేరు మడ్డీ. ఊపిరితిత్తుల మార్పిడి జరిగి, ఏ మందుకూ తగ్గని ఇన్‌ఫెక్షన్‌తో బాధపడుతున్న ఒక ఆంగ్ల బాలికకు మూడు ఫేజ్‌లతో చికిత్స చేశారు. రెండింటి జన్యువులను సవరించవలసి వచ్చింది. మడ్డీని ఉన్నదున్నట్లే వాడారు. ఆమె పుండ్లు మానుతున్నాయని 2019లో వైద్యులు ప్రకటించారు.