గడ్డినేలకు ప్రాణం పోసిన ఆల్డో లియోపోల్డ్

మన మాటల్లో గడ్డికి విలువ లేదు. మనిషిని చులకన చేయాలంటే గడ్డిపోచ అంటాం. తప్పుడు పని చేసినవాణ్ణి ఏ గడ్డి కరిచావని నిలదీస్తాం. రెవెన్యూ కాగితాల్లో గడ్డి మొలిచే నేలకు బంజరు అని పేరు. కానీ మన గొర్రె, మేక, పాడిపశువు బతికేది ఆ గడ్డి మీదే. గడ్డి పోతే ఏమవుతుందో, పోయిన గడ్డిని తిరిగి తేవడానికి ఎంత చాకిరీ పడుతుందో తెలుసుకోవాలంటే అమెరికాలో ఒక మనిషి జీవితం చూడాలి. ఆయన పేరు ఆల్డో లియోపోల్డ్. చనిపోయి 75 ఏళ్లు దాటింది. చదువుకున్నవాళ్లలో ఆయనకు పెద్ద పేరుంది గానీ, కూలి చేసుకునే మన మధ్య ఆయన గురించి చెప్పుకున్నది తక్కువ. అందుకే మేము ఈవారం ఆయన కథ ఎత్తుకున్నాం.

ముందు ఆ నేల సంగతి. అమెరికా నడిమి భాగంలో విశాలమైన గడ్డి మైదానాలు ఉండేవి. వాటిని ప్రెయిరీ అంటారు. తూర్పు వైపు ప్రెయిరీలో గడ్డి మనిషిని మించి పెరిగేది. పైకి కనిపించేది సగమే. కొన్ని మొక్కల వేళ్లు పది, పదిహేను అడుగుల లోతుకు దిగుతాయి. ఆ వేళ్లు వేల ఏళ్లుగా పుట్టి, చచ్చి, కుళ్లి నల్లని సారవంతమైన మట్టి తయారైంది. ఆ గడ్డి మీద బైసన్ అనే మూపురం గల అడవి పశువులు కోట్ల సంఖ్యలో మేసేవి. అక్కడి ఆదివాసులు వాటిని వేటాడి బతికేవాళ్లు. అప్పుడప్పుడు ఎండుగడ్డికి నిప్పు పెట్టేవాళ్లు. ఆ మంటకు పొదలు, చెట్ల మొక్కలు చచ్చేవి. గడ్డి మాత్రం వేరులో ప్రాణం దాచుకుని మళ్లీ చిగురు వేసేది.

1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కు నాగలి తయారుచేశాడు. అంతకుముందు నాగళ్లకు సులువుగా లొంగని ఆ నేల దానికి లొంగింది. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. దున్నుకునేవాడికి 160 ఎకరాలు ఇస్తామన్నారు. ఇచ్చింది ఎవరి భూమి? ఆదివాసులది. ఈ కథ ఎక్కువగా నడిచే విస్కాన్సిన్ రాష్ట్రంలో హోచంక్ జాతి ప్రజల నేలను 1829, 1832, 1837 ఒప్పందాల పేరుతో లాక్కున్నారు. ఒకవైపు తోళ్ల వ్యాపారులు, మరోవైపు తిండి పోతే ఆదివాసులు లొంగుతారని లెక్క వేసిన సైన్యాధికారులు. ఇద్దరి మధ్య బైసన్ మందలు నాశనమయ్యాయి. 1880ల చివరికి కోట్లలో ఉన్న జంతువు వెయ్యి లోపుకు పడిపోయింది. పొడుగు గడ్డి ప్రెయిరీలో ఇవాళ మిగిలింది నూటికి నాలుగు వంతులు కూడా లేదు. అయోవా రాష్ట్రంలో అయితే వెయ్యిలో ఒక వంతు కూడా మిగల్లేదు.

ఆ అయోవాలోనే, మిసిసిపీ నది ఒడ్డున బర్లింగ్టన్ అనే ఊళ్లో 1887 జనవరి 11న లియోపోల్డ్ పుట్టాడు. తండ్రి రాతబల్లలు చేసే కర్మాగారం నడిపేవాడు. ఇబ్బంది లేని కుటుంబం. మన వర్గం మనిషి కాదు, ఆ మాట దాచనక్కరలేదు. 1909లో యేల్ విశ్వవిద్యాలయంలో అడవుల చదువు ముగించి, ప్రభుత్వ అటవీ శాఖలో చేరి అరిజోనా, న్యూమెక్సికో వైపు వెళ్లాడు.

అక్కడ ఆయన నేర్చుకున్న మొదటి పాఠం తోడేలు దగ్గర. ఆ రోజుల్లో అధికారులకూ పశువుల కంపెనీలకూ ఒకటే మాట: తోడేలు కనిపిస్తే కాల్చెయ్. యువకుడైన లియోపోల్డ్ కూడా అట్లాగే కాల్చాడు. తోడేళ్లు పోతే జింకలు పెరుగుతాయి, వేటగాళ్లకు పండగ అనుకున్నాడు. తోడేళ్లు పోయిన కొండల్లో జింకలు అందిన ప్రతి ఆకునూ తినేశాయి, చివరకు తిండి లేక తామే చచ్చాయి. తను చేసింది తప్పని ఆయన తర్వాత రాశాడు, ఏమీ దాచుకోలేదు. ఆయన తోడేలును చంపిన ఆ కొండల్లోనే 1998లో ప్రభుత్వం మళ్లీ తోడేళ్లను తెచ్చి వదిలింది.

రెండో పాఠం మేత దగ్గర. కంపెనీలు నేల మోయగలిగినదానికి ఎన్నో రెట్లు ఆవులను, గొర్రెలను తోలాయి. గడ్డి పోయింది. గడ్డి పోతే వాన నీరు నిలవదు. నిలవని నీరు మట్టిని కోసుకుపోతుంది. అరిజోనాలో బ్లూ నది లోయలో సాగుభూమి చాలామటుకు ఇట్లాగే నదిలో కలిసిపోయింది, కుటుంబాలు లోయ విడిచి వెళ్లాయి. పైన కొండ మీద పశువులను తోలినవాడు ఒకడు, కింద చేను పోగొట్టుకున్నవాడు మరొకడు. ఇది ప్రకృతి విపత్తు కాదు, లాభం కోసం చేసిన పని అని లియోపోల్డ్ అంకెలతో సహా రాశాడు. 1913లో మేత తగాదా ఒకటి తీర్చడానికి వెళ్లి, గాలివానలో చిక్కి, మూత్రపిండాల జబ్బుతో చావు అంచు దాకా వెళ్లాడు. ఏడాదికి పైగా పని చేయలేకపోయాడు.

1924లో విస్కాన్సిన్‌లోని మాడిసన్ నగరానికి మారాడు. 1928లో ప్రభుత్వ ఉద్యోగం వదిలి, ఊరూరా తిరిగి అడవి జంతువుల స్థితిగతులు లెక్క కట్టాడు. 1933లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అప్పటికి దేశం ఆర్థిక సంక్షోభంలో మునిగి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి గోధుమ ధర చూసి పశ్చిమాన గడ్డినేలలను లక్షల ఎకరాలు దున్నారు. ధర కూలింది, వాన కురవలేదు. పట్టి ఉంచే గడ్డి వేరు లేక మట్టి ఆకాశానికి లేచింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన దుమ్ము తుపానులో పట్టపగలు చీకటైంది. లక్షల మంది రైతులు, కూలీలు సామాను కట్టుకుని వలస పోయారు.

ఇక్కడి నుంచి లియోపోల్డ్ కథ మనకు దగ్గరవుతుంది. గడ్డిని, గడ్డిలో బతికే పిట్టను కాపాడాలంటే కంచె వేసి కాపలా పెడితే చాలదు, ఆ నేల మీద పని చేసేవాళ్లను కలుపుకోవాలని ఆయన గ్రహించాడు. 1931లో రైలీ అనే పల్లెలో రైతులూ పట్నం వేటగాళ్లూ కలిసి ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పట్నంవాళ్లు డబ్బు ఇవ్వాలి, రైతులు నేల, శ్రమ ఇవ్వాలి. పిట్టలకు పొదలు పెంచడం, మంచు కాలంలో గింజలు పెట్టడం వంతులవారీగా చేశారు. అందులో లియోపోల్డ్ ఒక సభ్యుడు.

1933లో కూన్ వ్యాలీ అనే లోయలో అంతకన్నా పెద్ద పని మొదలైంది. కొండవాలు మీద నిలువుగా దున్నడం వల్ల, ఆవులను ఎడాపెడా మేపడం వల్ల ఆ లోయ గండ్లు పడిపోయింది. 400 మందికి పైగా రైతులు ప్రభుత్వంతో ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నారు. వాలుకు అడ్డంగా దున్నాలి, పంటను గడ్డితో కలిపి పట్టీలు పట్టీలుగా వేయాలి, నిట్టవాలు మీదికి పశువును తోలకూడదు. దీనికి బదులు ప్రభుత్వం విత్తనం, కంచె, కూలీలను ఇస్తుంది. లియోపోల్డ్ సలహాదారు. దేశంలో ఒక వాగు పరీవాహకం మొత్తాన్ని తీసుకుని నేలకోత ఆపిన మొదటి ప్రయత్నం ఇదే. ఆ లోయ ఇవాళ పచ్చగా ఉంది.

ఇక ప్రెయిరీ సంగతి. 1934లో మాడిసన్ విశ్వవిద్యాలయం తన వృక్షవనాన్ని ప్రారంభించింది. పరదేశం పూలమొక్కలు తెచ్చి తోట పెట్టడం కాదు, మన రాష్ట్రంలో ముందున్న గడ్డినేల ఎట్లా ఉండేదో తిరిగి నిలబెడదామని లియోపోల్డ్, ఆయన తోటివాళ్లు పట్టుబట్టారు. అప్పటిదాకా అటువంటి పని ఎవరూ చేసి చూడలేదు. చేతికి వచ్చిన నేల ఒకప్పటి చేను, తర్వాత గుర్రాలు మేసిన బీడు.

మరి చేసింది ఎవరు? పుస్తకాల్లో ఆచార్యుల పేర్లు ఉంటాయి. చేతులు మాత్రం కూలీలవి. నిరుద్యోగ యువకులకు పని ఇవ్వడానికి ప్రభుత్వం 1933లో సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అనే దళం పెట్టింది. నెలకు 30 డాలర్లు కూలి, అందులో 25 డాలర్లు ఇంటికి పంపాలి. ఆడవాళ్లను అందులోకి రానివ్వలేదు, నల్లవాళ్లను వేరే శిబిరాల్లో పెట్టారు, ఆ మచ్చ కూడా చెప్పుకోవాలి. మాడిసన్ శిబిరంలో 1935 నుంచి 1941 దాకా ఈ దళం పని చేసింది. రైలు పట్టాల పక్కన, శ్మశానాల అంచున, నాగలి పడని మూలల్లో మిగిలిన ప్రెయిరీ ఎక్కడుందో వెతకాలి. పారతో గడ్డి పెళ్లలు తవ్వాలి. వేళ్లు తెగకుండా బండికెత్తాలి. తెచ్చి పాత బీడులో నాటాలి. 1936లో భయంకరమైన ఎండ. ఆ యువకులు నీళ్లు మోసి పోశారు. గింజలు ఏరారు, కలుపు తీశారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. కానీ ఆ నేల కర్టిస్ ప్రెయిరీ అనే పేరుతో ఇవాళ్టికీ ఉంది. మనిషి తిరిగి నిలబెట్టిన గడ్డినేలల్లో లోకంలోకెల్లా పాతది అదే. 1940లలో శాస్త్రవేత్తలు అక్కడ నిప్పు పెట్టి చూస్తే గానీ గడ్డి సరిగా నిలబడడానికి మంట అవసరమని రూఢి కాలేదు. ఆదివాసులకు తరతరాలుగా తెలిసిన విద్య అది.

లియోపోల్డ్ చెప్పి ఊరుకునే ఆచార్యుడు కాదు. 1935లో విస్కాన్సిన్ నది ఒడ్డున సారం పీల్చి వదిలేసిన ఇసుక పొలం ఒకటి చవగ్గా కొన్నాడు. ఇల్లు లేదు, కోళ్ల పాక ఒకటే ఉంది. భార్య ఎస్టెల్లా, ఐదుగురు పిల్లలతో కలిసి పాకలో పెంట ఎత్తిపోసి, అందులోనే సెలవు దినాలు గడిపాడు. ఏటా వేలల్లో పైన్ మొక్కలు నాటారు, ప్రెయిరీ గడ్డి నాటారు. 1936 కరువులో నాటినవి చాలామటుకు చచ్చాయి. మరుసటేడు మళ్లీ నాటారు.

ఇక్కడ మా మాట ఒకటి. కూన్ వ్యాలీ తరహా ఒప్పందాల గడువు తీరాక, తక్షణం లాభం వచ్చే పద్ధతులు మాత్రమే రైతులు ఉంచుకున్నారనీ, మిగతావి వదిలేశారనీ లియోపోల్డ్ బాధపడ్డాడు. చట్టం, డబ్బు చాలవు, మనిషి తాను నేలకు యజమాని కాననీ, మట్టి, నీరు, చెట్టు, జంతువుతో పాటు ఒక సభ్యుణ్ణనీ గుర్తించాలని అన్నాడు. గొప్ప మాటే. అయితే వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో ఉండదో తెలియని కౌలుదారును చెట్టు నాటమంటే ఎట్లా నాటుతాడు? బ్యాంకువాడు తలుపు కొడుతుంటే వాలు భూమిని గడ్డికి ఎట్లా వదులుతాడు? మనస్సాక్షి నిలవాలంటే కాళ్ల కింద నేల నిలవాలి. లియోపోల్డ్‌కు ఇది బొత్తిగా తెలియదని కాదు. నేలను బాగా చూసుకునే రైతుకు సమాజం ప్రతిఫలం ఇవ్వాలని ఆయన 1934లోనే వాదించాడు. ఆ సగం మాట మరిచి, నీతి బోధ మాత్రమే పట్టుకుని తిరిగేవాళ్లు ఇవాళ చాలామంది ఉన్నారు.

1948 ఏప్రిల్‌లో ఆయన వ్యాసాల పుస్తకాన్ని అచ్చు వేస్తామని ప్రచురణకర్తల నుంచి కబురు వచ్చింది. వారం తిరిగింది. ఏప్రిల్ 21న పొరుగు రైతు పొలంలో చెత్తకు పెట్టిన మంట ఎండుగడ్డికి అంటుకుంది. లియోపోల్డ్ నీళ్ల పంపు భుజాన వేసుకుని ఆర్పడానికి పరుగెత్తాడు. ఆ గడ్డిలోనే గుండె ఆగి చనిపోయాడు. వయసు 61. పుస్తకం 1949లో వచ్చింది, లక్షల ప్రతులు పోయింది.

ఆయన పని ఆయనతో పోలేదు. శిష్యులైన హామర్‌స్ట్రామ్ దంపతులు ప్రెయిరీ కోడి వెనక పడ్డారు. వసంతంలో తెల్లవారుజామున మగకోళ్లు ఒకచోట చేరి, మెడ సంచులు ఉబ్బించి ఆడతాయి. గడ్డి లేకపోతే ఆట లేదు, గుడ్డు లేదు. ఆ దంపతులు చెప్పిన ఉపాయం చూడండి: జిల్లా మొత్తం ఖాళీ చేయించనక్కరలేదు, చేల మధ్య అక్కడక్కడా గడ్డి చెక్కలు కొని ఉంచితే చాలు. 1950ల నుంచి పౌర సంఘాలు అట్లా కొన్నాయి. పక్కన సేద్యం సాగింది, గడ్డిలో కోడి నిలిచింది.

ఇది మనకు దూరపు కథ కాదు. కర్నూలు సీమలో రోళ్లపాడు గడ్డినేలలను 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. ఆ పిట్ట ఇవాళ దేశం మొత్తం మీద 200 కూడా లేదు. మనం బంజరు భూమి పేదలకు పంచమని అడిగేవాళ్లం. ఆ కోరికకూ గడ్డికీ తగవు పెట్టి, పేదవాడి వల్లే పిట్ట పోయిందని చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్లను మనం మూడు ప్రశ్నలు అడగాలి. గడ్డినేల గురించి నిర్ణయం చేసేటప్పుడు గొర్రెల కాపరిని, కూలీని కూర్చోబెట్టి అడిగారా? నేలను కాపాడే పని ఎవరికి ఇస్తున్నారు, కూలి ఎంత? నష్టం ఎవరి నెత్తిన వేస్తున్నారు? కూన్ వ్యాలీలో ఈ మూడింటికీ జవాబు ఉంది గనకనే గడ్డి మళ్లీ మొలిచింది.

గ్రామసభలో బీడు భూముల ప్రస్తావన వచ్చిన రోజున ఈ మూడు ప్రశ్నలూ లేవదీయండి. ఉపాధి పనుల్లో గుంతలు తవ్వించడమే కాదు, మేత నేలలను బాగుచేసే పని కూడా పెట్టించమని అడగండి. పారతో గడ్డి పెళ్ల తవ్వి, నీళ్లు మోసి, ప్రెయిరీని తిరిగి నిలబెట్టింది మనలాంటి చేతులే.