వివియన్ లీ: రెండు ఆస్కార్‌ల వెనుక తీరని మనోవ్యథ

హాలీవుడ్ చిత్రం 'గాన్ విత్ ద విండ్'లో స్కార్లెట్ ఒహారా పాత్రకు ప్రాణం పోసిన వివియన్ లీ జన్మస్థలం డార్జిలింగ్. 1913 నవంబరు 5న జన్మించిన ఆమె అసలు పేరు వివియన్ మేరీ హార్ట్‌లీ. తండ్రి ఎర్నెస్ట్ హార్ట్‌లీ కలకత్తాలో వ్యాపార దళారీగా పనిచేసేవారు. ఆరేళ్ల ప్రాయంలోనే చదువు కోసం ఆమెను ఇంగ్లండులోని ఓ కాన్వెంటుకు పంపించారు.

లండన్‌లో నటనా శిక్షణ పొందుతున్న కాలంలో, 1932లో న్యాయవాది హెర్బర్ట్ లీ హోల్మన్‌ను ఆమె వివాహమాడారు. మరుసటి ఏడాది కుమార్తె సుజాన్ జన్మించింది. భర్త పేరులోని 'లీ'నే రంగస్థల నామంగా స్వీకరించారు. 1935లో 'ద మాస్క్ ఆఫ్ వర్చ్యూ' నాటకంతో ఆమె పేరు లండన్‌లో మారుమోగింది. 1939లో విడుదలైన 'గాన్ విత్ ద విండ్' తొలి ఆస్కార్‌ను తెచ్చిపెట్టింది. 1940 ఆగస్టులో ప్రఖ్యాత నటుడు లారెన్స్ ఒలివియర్‌తో ఆమె వివాహం జరిగింది.

ఈ కీర్తి వెనుకనే ఒక రుగ్మత పెరుగుతూ వచ్చింది. నేడు వైద్యులు బైపోలార్ డిజార్డర్‌గా వ్యవహరించే ఆ వ్యాధిని ఆనాడు మేనిక్ డిప్రెషన్ అనేవారు. కొన్నాళ్లు నిద్రాహారాలు మరచిన ఉద్వేగం, అదుపు తప్పిన కోపం. ఆ వెంటనే గాఢమైన నిరాశ. ఉద్రేకం తగ్గాక జరిగినదేదీ గుర్తులేక ఆమె సిగ్గుతో కుంగిపోయేవారు. 1944లో 'సీజర్ అండ్ క్లియోపాత్రా' చిత్రీకరణ వేళ గర్భస్రావం జరగడంతో మానసికంగా మరింత దెబ్బతిన్నారు. దానికి క్షయవ్యాధి తోడైంది.

1949లో టెన్నెసీ విలియమ్స్ నాటకం 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్'ను ఒలివియర్ లండన్‌లో ప్రదర్శించారు. మతి చలించి చివరకు ఆసుపత్రి పాలయ్యే బ్లాంచ్ దుబోయిస్ పాత్రను వివియన్ మూడు వందలకు పైగా ప్రదర్శనల్లో పోషించారు. 1951లో ఎలియా కజాన్ దర్శకత్వంలో అదే పాత్ర వెండితెరకెక్కి ఆమెకు రెండో ఆస్కార్ సాధించిపెట్టింది. ఆ పాత్ర తన మనఃస్థితిని మరింత దిగజార్చిందని ఆమె తర్వాతి కాలంలో భావించారు. అయితే రుగ్మత ఆ పాత్రకన్నా ఎంతో ముందు నుంచే ఉంది. ఆ నటనను కేవలం అనారోగ్య ఫలంగా చూస్తే ఏళ్ల తరబడి రంగస్థలంపై ఆమె చేసిన సాధనను విస్మరించినట్లవుతుంది.

1953లో 'ఎలిఫెంట్ వాక్' చిత్రీకరణకు సిలోన్ వెళ్లినప్పుడు వ్యాధి తీవ్రరూపం దాల్చింది. నిర్మాతలు ఆమె స్థానంలో ఎలిజబెత్ టేలర్‌ను తీసుకున్నారు. సిలోన్‌లో తీసిన కొన్ని దూరపు దృశ్యాల్లో మాత్రం వివియనే మిగిలిపోయారు. ఇంగ్లండుకు తిరిగివచ్చాక ఆమెకు విద్యుత్ షాక్ చికిత్స అందించారు. ఈ రుగ్మతపై లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లోనే వెల్లడించినా, అమెరికాలో దానికి అధికారిక ఆమోదం లభించింది 1970లో. అంటే ఆమె మరణించిన మూడేళ్లకు.

1960లో ఒలివియర్‌తో విడాకులయ్యాయి. అయినా ఆమె నటన ఆపలేదు. 1963లో 'టొవారిచ్' సంగీత నాటకానికి టోనీ పురస్కారం అందుకున్నారు. 1965లో వచ్చిన 'షిప్ ఆఫ్ ఫూల్స్' ఆమె చివరి చిత్రం.

1967లో మరో నాటకానికి సాధన చేస్తుండగా క్షయ తిరగబెట్టింది. ఆ ఏడాది జులైలో, 53 ఏళ్ల వయసులో, లండన్‌లోని స్వగృహంలో ఆమె కన్నుమూశారు. నివాళిగా ఆ నగర నాటకశాలలు గంటసేపు వెలుపలి దీపాలను ఆర్పివేశాయి.